నలభై ఒకటో నంబరు కుర్రాడు

మెర్విన్ ఒలీనిక్‌కి పాయింట్లంటే ఒళ్ళుమంట. కొట్టిన గోల్స్, గోల్ పడేలా అందించిన పాసులు కలిపితే వచ్చేవే పాయింట్లు. జూనియర్ ఐస్ హాకీ లీగులో ఆ లెక్క చూసి పిల్లల జాతకాలు చెప్పేసేవాళ్ళంటే ఆయనకు మరీ మంట. పెద్ద జట్టు ఒకదానికి కుర్రాళ్ళను వెతికిపెట్టడం ఆయన ఉద్యోగం. ఏటా చలికాలమంతా సస్కాచెవాన్ మంచు రోడ్ల మీద కారు నడుపుకుంటూ, ఊరూరా ఆట జరిగే ఐస్ రింకుల్లో చల్లారిపోయిన కాఫీ తాగుతూ జుట్టు నెరిపించుకున్నాడు. "పాయింట్లు చదవడానికేముంది, మా పిల్లి కూడా చదువుతుంది. ఆట చూడాలంటే కళ్ళుండాలి" అని అడిగినవాళ్ళకూ చెప్పేవాడు, అడగనివాళ్ళకూ చెప్పేవాడు.

ఈ ఏడాది ఆ కళ్ళకే ఎసరు వచ్చింది. పైఅధికారి రాండల్ ఫోన్ చేసి నాన్చకుండా చెప్పేశాడు.

"చూడు మెర్విన్, నీ మీద గౌరవం లేక కాదు. పాయింట్లు, వయసు పడేస్తే కంప్యూటరే వరసగా పేర్లిస్తోంది. దానికి మోటెల్ గది అక్కర్లేదు, మోకాళ్ళ నొప్పుల్లేవు. అది చెప్పలేని కుర్రాణ్ణి ఒక్కణ్ణి నువ్వు చూపించు. లేదంటే వచ్చే ఏడాది నిన్ను పంపమని పైవాళ్ళని నేను అడగలేను."

కంప్యూటర్ వరసలో మొదటి పేరు కోల్బీ వీన్స్. కార్వెల్ జట్టు, పదిహేడో నంబరు. ఆ పేరెత్తితే చాలు, మెర్విన్ కస్సుమనేవాడు. "వాడి సొంత సరుకేముంది? పక్కన స్టార్చక్ ఉన్నాడు కాబట్టి సరిపోయింది. స్టార్చక్ వండి వడ్డిస్తాడు, వీడు తిని మూతి తుడుచుకుంటాడు" అని శీతాకాలమంతా రాండల్ చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాడు. ఆ మాట నమ్మి రాండల్ వీన్స్‌ని పక్కన పెట్టేశాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆటకు స్టార్చక్ రావడం లేదు, జ్వరం పట్టుకుంది అని తెలియగానే మెర్విన్ హుషారుగా కార్వెల్‌కి బయలుదేరాడు. వీన్స్ బండారం ఈరోజుతో బయటపడాలి. దారిలో రోడ్డుకడ్డంగా మంచు కొట్టుకుపోతోంది. అయినా ఈలపాట ఆపలేదు.

పాపం, వార్మప్ అయిపోయాక చేరాడు. పై వరసలో కూర్చుని చూస్తే ఐస్ మీద పదిహేడు లేనే లేడు. మెర్విన్‌కి నవ్వాగలేదు. వడ్డించేవాడు రాకపోతే తినేవాడూ రాలేదన్నమాట!

ఆ నవ్వు మొహం మీద ఉండగానే నలభై ఒకటి కంటపడ్డాడు.

వీపు మీద పేరు లేని జెర్సీ. మొహానికి ఇనుప జాలీ అడ్డం. ఆటగాళ్ళ పేర్లు, నంబర్లు, పాయింట్లు అచ్చువేసి ఇచ్చే ప్రోగ్రాం కాగితంలో ఆ నంబరే లేదు. ఎవడో కొత్తగా తెచ్చిన కుర్రాడనుకున్నాడు మెర్విన్. అయితే పక్, అంటే ఆ నల్ల రబ్బరు బిళ్ళ, తన దగ్గర లేనప్పుడు వాడు ఎక్కడుంటున్నాడో చూసి వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాడు. అవతలివాడు ఎటు తిరగబోతున్నాడో వీడికి ముందే తెలుస్తోంది. మూలల్లో తనకంటే ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్ళ కాళ్ళ మధ్య నుంచి పక్ లాక్కొస్తున్నాడు. ఖాళీ గోల్ ముందుకు పాస్ పంపితే తోటివాళ్ళు తడబడి పోగొట్టారు. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ. వాడు చిరాకు పడలేదు. బెంచీ మీద వాళ్ళ భుజం తట్టి, మళ్ళీ వెళ్ళి అదే పాస్ పంపాడు. చాలా ఏళ్ళకు మెర్విన్ చేతిలో కాఫీ ఉన్న సంగతి మర్చిపోయాడు.

ఆట అయిపోయింది. నలభై ఒకటికి గోల్ లేదు, పాయింట్ లేదు. మైకులో వాడి పేరు ఒక్కసారి కూడా వినపడలేదు. మెర్విన్ మెట్ల మీద నిలబడే ఫోన్ తీశాడు.

"దొరికాడు రాండల్! నలభై ఒకటి! పాయింట్ల ఖాతాలో సున్నా. మీ కంప్యూటర్‌కి వీడు పుట్టాడని కూడా తెలీదు!"

"నీ గొంతు విని ఎన్నాళ్ళయిందయ్యా ఇలా! పేరు కనుక్కుని చెప్పు, ఇప్పుడే రాసుకుంటాను."

ఊళ్ళో సంగతులన్నీ తెలిసేది క్యాంటీన్లో బంగాళాదుంప కూరిన కుడుములు, పెరోగీలు, అమ్మే లియోనాకి. జట్టు కుర్రాళ్ళు ఊరివాళ్ళ ఇళ్ళల్లోనే ఉండి ఆడతారు. ఆవిడ ఇంట్లోనూ ఒకడున్నాడు.

"లియోనా, ఆ నలభై ఒకటి ఎవరి పిల్లాడు?"

"ఎవరేమిటి, మా ఇంట్లో ఉండేవాడేగా! వార్మప్‌లో పక్ తగిలి గడ్డం చీలింది. జెర్సీ అంతా రక్తం. రక్తం జెర్సీతో ఆడనివ్వరుగా, స్పేర్‌ది తొడిగారు. కుట్లు వేయించుకుని, జాలీ పెట్టుకుని వచ్చేశాడు మొండి వెధవ. వద్దురా అంటే వింటేనా!"

"పేరు?"

"కోల్బీ. కోల్బీ వీన్స్. ఏమయ్యా, అలా అయిపోయావ్? పెరోగీ వెయ్యనా?"

మెర్విన్ గోడకు ఆనుకున్నాడు. కంప్యూటర్ శీతాకాలమంతా కూర్చున్నచోటు నుంచి చెప్పిన పేరు చెప్పడానికి తను మంచులో పడి ఇంత దూరం వచ్చాడు. ఈ పేరు చెప్తే ఉద్యోగం వదిలి మూటాముల్లె సర్దుకోవలసిందే. ఇంకో పేరు చెప్పవచ్చు. కాస్త బాగా ఆడే కుర్రాళ్ళు లీగులో లేకపోలేదు, ఎవడు కాదంటాడు? కానీ అప్పుడు రాండల్ పక్కన పెట్టేసిన వీన్స్ అలాగే ఉండిపోతాడు. అలా పక్కన పెట్టించింది తనే. సిగ్గుతో మెర్విన్ చెవులు వేడెక్కాయి. ఫోన్ కలిపాడు.

"రాండల్, వాడు వీన్స్. జెర్సీ మార్చారు."

అవతల రాండల్ కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది.

"ఏ వీన్స్? నువ్వు జాబితాలోంచి కొట్టేయించిన వీన్సా?"

"వాడే."

"వాణ్ణి నువ్వు ఎన్ని ఆటల్లో చూశావయ్యా! మరి అప్పుడంతా ఏం చూశావ్?"

మెర్విన్ గొంతు సవరించుకున్నాడు. "వాడి పాయింట్లు చూశాను. ఇన్ని పాయింట్లున్నవాడు ఉత్తవాడే అయ్యుంటాడని, వాణ్ణి చూడ్డం మానేశాను. ఇవాళ ఎవడో తెలీక చూశాను. తీసుకో రాండల్, వదలకు. నా సంగతి తర్వాత."

రాండల్ నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయాడు. మెర్విన్ ఫోన్ చెవికి దూరంగా పట్టుకున్నాడు.

"ఒరే నాయనా! వాడికి పాయింట్లొచ్చినప్పుడు కంప్యూటర్ చెప్పింది, సరే. ఇవాళ వాడికి సున్నా. ఇవాళ్టి ఆట చూసి వాడి పేరు చెప్పింది నువ్వొక్కడివేగా! పైవాళ్ళకి ఇదే చెప్తాను, ఏమంటారో చూద్దాం. వచ్చే ఏడాది మాత్రం ఏ రింకుకెళ్ళినా నీకు ప్రోగ్రాం కాగితం ఇవ్వొద్దని చెప్పిస్తాను."

ఫోన్ పెట్టేశాక మెర్విన్‌కి ఆకలి తెలిసింది. లియోనా దగ్గర రెండు ప్లేట్ల పెరోగీలు తీసుకున్నాడు. ఒకటి తనకి, ఒకటి కుట్లు వేసిన గడ్డంతో అప్పుడే బయటికొచ్చిన వీన్స్‌కి. ఆయనెవరో తెలియని కుర్రాడు థాంక్స్ చెప్పి, నమలలేక నమలలేక తిన్నాడు. మెర్విన్ వాణ్ణి తినేంతసేపూ చూస్తూ కూర్చున్నాడు.