తలుపు అబద్ధం చెప్పదట

నేను ఒక కార్డు యంత్రాన్ని. ఆఫీసు తలుపు పక్కన గోడకి బిగించి ఉంటానే, మెడలో కార్డు తీసి చూపిస్తే కుయ్యిమంటానే, అదే నేను. సొంతవాళ్ళ గురించి పదిమందిలో చెప్పుకోకూడదు గానీ, మా చెల్లెలంత సుఖపడ్డ ప్రాణి మా వంశంలో మరొకటి లేదు. ఇద్దరం ఒకే రోజు, ఒకే అచ్చులోంచి వచ్చాం. నన్ను తలుపుకి బయటివైపు బిగించారు, దాన్ని లోపలివైపు. బయటికి పోయేవాళ్ళని ఆపాల్సిన అవసరం ఎవరికీ ఉండదు కాబట్టి దానికి పచ్చదీపం వెలిగించడమే ఉద్యోగం, ఎవరి నంబరూ రాసిపెట్టక్కర్లేదు. ఇంటికెళ్ళే హుషారులో జనం దాన్ని ముద్దుగా తట్టి వెళ్ళేవారు. ఎర్రదీపం వెలిగించి తిట్లు తినే భాగ్యం మాత్రం నాకు. ఇప్పుడు ఇద్దరం మూసాపేటలో ఒక పాత సామాన్ల కొట్టులో, ఒకే అట్టపెట్టెలో పడి ఉన్నాం. దాని వైరు నా మెడకి చుట్టుకుంది. ఇక్కడ కూడా అదే పైన, నేను కింద.

పుట్టింది చెన్నై శివార్లలో. అరచేతిలో ఇమిడే నల్లటి పలక, లోపల ఒక తీగచుట్ట, రెండు దీపాలు, ఒక కూత. నా ఒళ్ళంతా ఇంతే. కార్డు దగ్గరికి తెస్తే దాని నంబరు చదివి కంప్యూటరుకి చెబుతాను. అది సరేనంటే పచ్చ, కాదంటే ఎరుపు. చూస్తాను, వింటాను, అన్నీ అర్థమవుతాయి. చెప్పడానికి మాత్రం ఆ ఒక్క కూతే. ఒక కార్డు మీద ఎన్ని జతల కాళ్ళు లోపలికి నడిచాయో చెప్పే సదుపాయం నాకు పెట్టలేదు. ఈ సంగతి నాతోపాటు పెట్టెలో వచ్చిన కాగితంలో శుభ్రంగా అచ్చు వేశారు. ఆ కాగితం మడత విప్పిన మనిషిని నేనింతవరకు చూడలేదు.

మొదట ఒక ఆసుపత్రిలో మందుల గది తలుపుకి పనిచేశాను. నర్సులు స్పిరిట్ వాసన వేసే చేతులతో నన్ను తాకేవారు. రెండేళ్ళకి వాళ్ళు వేలిముద్రల యంత్రం కొనుక్కుని మమ్మల్ని తీసేశారు. అప్పుడే మాదాపూర్‌లో పుట్టి నడక నేర్చుకుంటున్న ‘ఊసులు’ అనే కంపెనీ మమ్మల్నిద్దరినీ పాతసామాను ధరకి కొనుక్కుంది.

ఊసులు అంటే ఫోన్లలో జనం మాట్లాడుకునే చోటు. ఫొటోలు పెట్టుకుంటారు, కూరలు ఎలా వండాలో చెప్పుకుంటారు, అది చాలక తిట్టుకుంటారు. తిట్లు హద్దు మీరినప్పుడు ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తారు. ఆ ఫిర్యాదు చదివి ఉంచాలో తీసెయ్యాలో తేల్చడానికి మనుషులుండాలి. తెలుగు తిట్ల విభాగంలో ఎనిమిది మంది. పొద్దున్న ఆరున్నరకి షిఫ్టు. ఎనిమిది మందినీ ఒకే టెంపో ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని ఆఫీసు ముందు దింపేది. ఒకే లిఫ్టులో నాలుగో అంతస్తుకి వచ్చి నా ఎదుట గుంపుగా నిలబడేవారు.

వాళ్ళలో వకుళ పెద్దది, ముప్ఫై ఎనిమిదేళ్ళు. పిల్లల కోసం తొమ్మిదేళ్ళు ఇంట్లో ఉండి, మళ్ళీ ఉద్యోగం వెతుక్కున్న మనిషి. ఆ తొమ్మిదేళ్ళూ ఏం చేశావని అడగని ఇంటర్వ్యూ లేదట. ఏం చేసిందో అడిగినవాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళకి తెలుసు. ఊసులు ఒక్కటే అడక్కుండా తీసుకుంది. ఒక చేతిలో క్యారియరు, ఇంకో చేతిలో నీళ్ళ సీసా, భుజాన సంచి, ఆ సంచి అడుగున ఎక్కడో కార్డు. మిగతా ఆరుగురి అవతారమూ అదే.

చేతులు ఖాళీగా వచ్చేవాడు ఒక్కడు, ఫణీంద్ర. ఇరవై ఎనిమిదేళ్ళవాడు. అన్నం తెచ్చుకోడు, నీళ్ళు తెచ్చుకోడు, అందరి బాక్సుల్లోనూ తలో ముద్ద తింటాడు. వకుళ అతని కోసమే ఒక గిన్నె ఎక్కువ కట్టుకొచ్చేది. చేతులు ఖాళీ కాబట్టి కార్డు చూపించేది అతనే. నేను పచ్చదీపం వెలిగించగానే తలుపు లాగి, కాలు అడ్డం పెట్టి, పెళ్ళివారిని పిలిచినట్టు “రండి, రండి” అనేవాడు. ఏడుగురూ వరసగా లోపలికి వెళ్ళేవారు. మూడేళ్ళు ఇదే వరస. కూర్చున్న కుర్చీలోంచి లేవడానికి బద్ధకించే మనిషి, తలుపు దగ్గర మాత్రం మర్యాదస్తుడు.

ఒక్కో కార్డుకి ఒక్కో మనిషే రావాలని, ఇంకొకరికి తలుపు తీస్తే ఉద్యోగం పోతుందని ఒక నోటీసు గాజు మీద అతికించి ఉండేది. దాని మీద ముగ్గుల పోటీ పోస్టరు అంటించింది సిబ్బంది వ్యవహారాలు చూసే నళిని మేడమే. ఆవిడ కూడా నాకు కార్డు చూపించి ఎరగదు. వాచ్‌మన్ నర్సింలు దూరం నుంచే ఆవిడ చెప్పుల చప్పుడు విని, తన కార్డుతో తలుపు తీసి పట్టుకునేవాడు.

ఇలా ఉండగా కంపెనీ చేతులు మారింది. ఓడలూ సిమెంటూ అమ్మి వేలకోట్లు సంపాదించిన ఒక ఆసామి మీద ఊసుల్లో ఎవరో వెక్కిరింత బొమ్మ పెట్టారట. తీసెయ్యమంటే తియ్యలేదట. పక్కింటి పోపు ఘాటుకి తుమ్మొచ్చిందని వీధంతా కొనేసుకున్నట్టు, ఆయన కంపెనీ మొత్తం కొనేశాడు. మొదటి వారమే పెద్ద తెర మీద కనిపించి ప్రసంగించాడు. ఈ కంపెనీలో సగంమంది పనికి రావడం లేదని తనకి అనుమానమట. ఇంట్లో పరుపు మీద పడుకుని కూడా కంప్యూటర్లో హాజరు వేయించుకోవచ్చు కాబట్టి ఆ లెక్కలు నమ్మడట. “తలుపు అబద్ధం చెప్పదు” అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు, చప్పట్లు కొట్టనివాళ్ళ జాబితా కూడా ఉంటుందేమోనని.

ఆయన మాట విని నేను పొంగిపోయాను, ఒప్పుకుంటాను. ఇన్నాళ్ళకి నన్ను నమ్మే మనిషి దొరికాడనుకున్నాను. ఆయన కార్డు ఒక్కసారి కూడా నన్ను తాకలేదని, తన లెక్క ప్రకారం ఆ కంపెనీలో అందరికన్నా పెద్ద ఎగవేతదారు ఆయనేనని నాకు తర్వాతెప్పుడో తట్టింది.

ఆరు నెలల చిట్టా నాలోంచి తోడుకున్నారు. అందులో ఫణీంద్ర పేరు అందరికన్నా పైన ఉంది. వకుళ పేరు పక్కన తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులూ ఫణీంద్ర సెలవు పెట్టాడు కాబట్టి, ఆమె సంచి మొత్తం ఎత్తి నాకు ఆనించింది. మిగతా ఆరుగురి పేర్ల పక్కన సున్నాలు. ఆరు నెలలు గాలి పీల్చి, బల్లల దగ్గర కూర్చుని, జనం బూతులన్నీ చదివి, అజీర్తి తెచ్చుకున్న ఆరుగురు మనుషులు, నా చిట్టా ప్రకారం ఆ ఆఫీసుకి ఒక్కరోజు కూడా రాలేదు. జాబితా తయారుచేసేది తనే కాబట్టి తన సున్నా వదిలేసి, నళిని మేడం దాని కింద సంతకం పెట్టింది. పెట్టేముందు చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసిందని చెల్లెలు చెప్పింది. చూస్తే ఏం లాభం, సంతకం అయితే పెట్టింది కదా.

ఆ తర్వాతి మంగళవారం టెంపోలో ఫణీంద్ర లేడు. అతన్ని తొమ్మిదింటికి రమ్మని ముందురోజే కబురు వెళ్ళింది. మిగతా ఏడుగురిని రావద్దని టెంపో డ్రైవరుకి ఎవరూ చెప్పలేదు, వాళ్ళకీ చెప్పలేదు. ఏడుగురూ నా ఎదుట నిలబడి ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. వకుళ క్యారియరు కింద పెట్టి, సంచంతా కెలికి కార్డు తీసింది. ఎరుపు. చున్నీతో తుడిచి మళ్ళీ పెట్టింది. ఎరుపు. వెనకనుంచి ఎవరో నా నెత్తిన ఒక్కటిచ్చి, ఇదెప్పుడూ ఇంతే, పాత సరుకు కొంటే ఇలాగే ఉంటుందని తిట్టారు. నా తప్పేముంది? నంబరు చదివాను, వద్దన్నారు, వద్దన్నాను.

నర్సింలు వచ్చి, ఎటు చూడాలో తెలియక తన బూట్లవైపు చూస్తూ అన్నాడు.

“మేడం, మీ పేర్లు లిస్టుల లేవంట. లోపటికి పంపొద్దని చెప్పిన్రు. నా చేతుల ఏం లేదు.”

కాసేపటికి ఫోన్లలో ఉత్తరాలొచ్చాయి. ఖర్చు తగ్గించుకుంటున్నామనో, క్షమించమనో రాసి ఉంటే ఏడ్చి ఊరుకునేవారేమో. దీర్ఘకాలిక గైర్హాజరు కారణంగా తొలగించడమైనది అని రాశారు. అంటే ఇంకెక్కడికెళ్ళినా ఆ కాగితమే ముందు నడుస్తుంది. క్యారియరు ఎత్తుకుని లిఫ్టు కోసం నిలబడినప్పుడు వకుళ అన్న మాట నేను విన్నాను.

“తొమ్మిదేళ్ళు ఇంట్లో ఉన్నదానికే అందరికీ సంజాయిషీ చెప్పుకున్నాను. ఇప్పుడు రోజూ వచ్చిన మూడేళ్ళకి కూడా చెప్పుకోవాలా?”

లిఫ్టు వచ్చింది, ఏడుగురూ ఎక్కారు.

ఫణీంద్రకి మాత్రం కొత్త యజమాని పేరుతో ప్రశంసాపత్రం వచ్చింది. హాజరులో ఆదర్శమట. విభాగానికి అధిపతిని చేశారు. విభాగంలో అతను తప్ప ఎవరూ లేరు కాబట్టి ఎవరి మీద అధిపతో అడగకూడదు. ఎనిమిది మంది చదవాల్సిన తిట్లు ఒక్కడే చదివేవాడు. చేతిలో హోటలు పొట్లం ఒకటి చేరింది. పొట్లం పట్టుకున్న చేత్తో కార్డు తియ్యడం ఎంత కష్టమో అతనికి అప్పుడు తెలిసింది.

తర్వాత రెండు నెలల్లో వకుళ నాలుగుసార్లు వచ్చింది. గచ్చిబౌలిలో ఇంకో కంపెనీ ఆమెని తీసుకుంటానందట, పాత కంపెనీ నుంచి మచ్చలేని కాగితం తెస్తేనే. ఆ గైర్హాజరు అన్న ముక్క తీసెయ్యమని ఆమె గోల. నర్సింలు తన కుర్చీ ఇచ్చి కూర్చోమనేవాడు. నళిని మేడం మీటింగులో ఉన్నానని కబురు పంపేది. ఫణీంద్ర వచ్చే వేళకి కనిపెట్టుకుని ఉండి, నువ్వే తలుపు తీశావని ఒక్క మాట చెప్పమని ఆమె బతిమాలేది. మొదటిసారి చూద్దామక్కా అన్నాడు. రెండోసారి అందరం అలాగే వచ్చాం కదా అన్నాడు. మూడోసారి, అవతల ఎవరూ మాట్లాడని ఫోన్ చెవికి పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు. నాలుగోసారి చెప్పేశాడు, చెబితే నియమం ప్రకారం తన ఉద్యోగమే ముందు పోతుందని. అందులో అబద్ధం లేదు. ముగ్గుల పోస్టరు కింద ఆ నియమం ఇంకా భద్రంగానే ఉంది.

అతనికి పచ్చదీపం వెలిగించిన ప్రతిసారీ నాకు వైర్లు కాలినట్టుండేది. ఆనాటి ప్రతి పచ్చదీపం వెనకా ఇంకో ఏడుగురున్నారని అరుద్దామంటే, నాకున్నది కుయ్యి ఒక్కటే. దాన్ని ఎంత కోపంగా కూసినా ఎవరూ గుర్తుపట్టలేదు.

ఇంతలో ఆ ఆసామికి ఇంకో ఆలోచన వచ్చింది. తిట్లు చదవడానికి మనుషులెందుకు, కంప్యూటర్లే చదువుకుంటాయి అన్నాడు. మాదాపూర్ ఆఫీసు మూసెయ్యమన్నాడు. ఒక గురువారం ఉదయం బల్లలూ కుర్చీలూ లారీ ఎక్కాయి. తలుపు మూసుకుపోకుండా నీళ్ళ డబ్బా అడ్డం పెట్టారు. ఆ రోజు ఎవరైనా రావచ్చు, ఎన్ని కాళ్ళయినా రావచ్చు. ఎలక్ట్రీషియన్ నా మరలు రెండూ ఊడదీసి, వైరుకి తలకిందులుగా వేలాడేసి, పనిముట్టు కోసం వెళ్ళాడు. అలా వేలాడుతూనే మిగతాది చూశాను.

లోపల బల్లలు లేకపోవడంతో బయటున్న నర్సింలు చిన్న టేబులుని నళిని మేడం గుమ్మం లోపలికి లాగించుకుని కూర్చుని, మిగిలినవాళ్ళ కాగితాల మీద సంతకాలు పెడుతోంది. సాయంత్రం దాకా సంతకం పెట్టే అధికారం ఆవిడదే. అన్నిటికన్నా పైన ఫణీంద్ర కాగితం ఉంది, సత్ప్రవర్తనతో సేవలందించినట్టు. అతను సంచి తగిలించుకుని పక్కనే నిలబడ్డాడు. అప్పుడు లిఫ్టులోంచి వకుళ దిగింది. తలుపు బార్లా తెరిచి ఉన్నా, అలవాటుకొద్దీ గుమ్మంలోనే ఆగిపోయింది.

“రేపు సాయంత్రం లోపు ఇవ్వాలి మేడం. లేకపోతే ఇంకొకళ్ళని తీసుకుంటామన్నారు. నాకు ఇంకేమీ వద్దు. ఆ ఒక్క ముక్క తీసేసి ఇవ్వండి.”

నళిని మేడం పెన్ను కింద పెట్టింది. “నువ్వు వచ్చావని నాకు తెలియదా వకుళా? నీ బాక్సులో గోంగూర నేనూ తిన్నాను. నేను రాస్తే చెల్లదు. నువ్వు కార్డు పెట్టని రోజుల్లో తలుపు ఎవరు తీశారో ఆ మనిషి చెప్పి సంతకం పెట్టాలి. అలాగైతేనే మీ ఏడుగురి కాగితాలూ మార్చగలను.”

“నేను జెప్త మేడం,” అన్నాడు నర్సింలు. “ఎనిమిది మంది వస్తుండె రోజు. నా కండ్లతోని చూసిన.”

“నువ్వు వాచ్‌మన్‌లని పంపే ఏజెన్సీ మనిషివి నర్సింలూ, కంపెనీ మనిషివి కాదు. నీ సంతకం తీసుకోరు.”

ఎవరూ ఫణీంద్రవైపు చూడలేదు. చూడకపోవడమే అతనికి ఎక్కువ ఇబ్బంది అయినట్టుంది. సంచి పట్టీ బిగించాడు, వదులు చేశాడు, మళ్ళీ బిగించాడు. మేడం ముందున్న తన కాగితం మీద ఇంకా సంతకం పడలేదు. ఎలక్ట్రీషియన్ కటింగ్ ప్లేయరు పట్టుకొచ్చి, దీన్ని కోసెయ్యమంటారా అని అడిగాడు. నళిని మేడం ఆగమన్నట్టు చెయ్యి చూపించింది.

“నిన్ను మళ్ళీ అడగను ఫణీ,” అంది వకుళ. “నాలుగుసార్లు అడిగాను, చాలు. ఎక్కడున్నా వేళకి తిను.”

వెనక్కి తిరిగి లిఫ్టు మీట నొక్కింది. పై అంతస్తులో ఎక్కడో లిఫ్టు కదిలింది.

“ఆగక్కా,” అన్నాడు ఫణీంద్ర. తర్వాత మేడం వైపు తిరిగాడు. సంచి భుజం మీంచి దించి కింద పెట్టాడు.

“తలుపు తీసింది నేనే మేడం. మూడేళ్ళూ నేనే. కాలు అడ్డం పెట్టి అక్కనీ, మిగతా ఆరుగురినీ నేనే రమ్మన్నాను. లిస్టు చూసినరోజే నాకు తెలుసు అది తప్పుడు లెక్కని. నా ఉద్యోగం ఉంటుంది కదా అని నోరు మూసుకున్నాను. వాళ్ళెవరూ ఎగ్గొట్టలేదు. తప్పు చేసింది నేను. అదే రాయండి, నా కాగితం మీద కూడా రాయండి, సంతకం పెడతాను.”