పసుపు గుడ్డ కింద

నేను ఒక మోకును. కొబ్బరి పీచుతో నన్ను పేనిన చేతులెవరివో గుర్తులేదు. ఊహ తెలిసేసరికి భీమిలి తీరాన ఎల్లాజి పడవ మీద ఉన్నాను. ఒక కొస తెరచాప కొయ్య నెత్తిన, రెండో కొస పడవ కుడి అంచునున్న ఇనుప కడియానికి. ఎడమ పక్కన నాలాంటిదే ఇంకొకటి. కొయ్య పడిపోకుండా పట్టుకోవడమే మా ఇద్దరి పని. ఆ ఒక్క పనీ నేను చెయ్యలేకపోయాను. చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

ఎల్లాజి మహా జాగ్రత్తపరుడు. పడవను నీళ్లలోకి తోసేముందు మమ్మల్ని చేతికందిన మేరా తడిమి, పీచు లేచిందేమో చూసి, కాలు తన్నిపెట్టి లాగేవాడు. వదులైతే బిగించేవాడు. సొంత మొలతాడునైనా అంత శ్రద్ధగా చూసుకుని ఉండడు.

గంగమ్మ పూజనాడు కడియం దగ్గర నా ముడి మీద పసుపు గుడ్డ చుట్టాడు. అంతే, నాకు కళ్లు నెత్తికెక్కాయి. మర్నాటి నుంచి అతని చెయ్యి తడుముకుంటూ వచ్చి, గుడ్డను తాకి కళ్లకద్దుకుని, అక్కడితో వెనక్కి పోయేది. ఎడమదానికి తనిఖీ, నాకు దండం.

ఉప్పునీరు పీల్చిన ఆ గుడ్డ ఎప్పుడూ ఆరేది కాదు. దాని కింద నేను కుళ్లుతున్నాను. కడియం ఒరుసుకుని ఒక్కో పోగే తెగుతోంది. నోరు లేదు గనక రోజూ కాస్త వదులయ్యేదాన్ని. ఎల్లాజి గుడ్డ జోలికి పోకుండా, దానికి పైన మెలివేసి ఇంకాస్త బిగించేవాడు.

అతని బావమరిది దానయ్యకు అనుమానమొచ్చింది. వల విసరడంలో ఆ తీరాన అతన్ని మించిన చెయ్యి లేదు.

“బావా, రోజూ బిగిత్తన్నావు, రోజూ ఒదులైపోతంది. ఆ గుడ్డ ఓపాలి ఇప్పి సూడు.”

“అమ్మోరి గుడ్డ ఇప్పమంతావేట్రా? పీచన్నాక సాగుతాది. కూకో.”

ఆ మాట విని నేను పొంగిపోయాను. గుడ్డ పోతే దండాలూ పోతాయని నా భయం. ఇవాళ తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మూడోనాడు ఒడ్డుకు తిరిగొస్తుంటే గాలి కుడివైపు నుంచి కొట్టింది. నేను పుటుక్కున తెగాను. కొయ్య విరిగి, వల సర్దుకుంటున్న దానయ్య కుడి మణికట్టు మీద పడింది.

“బావా, నా సెయ్యి!”

నెత్తురు ఆపడానికి ఎల్లాజికి దొరికింది ఒక్కటే గుడ్డ. దాని ముడిని పళ్లతో లాగి విప్పి, బావమరిది చేతికి కట్టాడు. చూడమంటే విప్పని గుడ్డ అది. అప్పుడు కడియానికి వేలాడుతున్న నా నల్లటి పీచును ఇద్దరూ చూశారు. దానయ్య ఒక్క తిట్టు తిట్టినా ఎల్లాజి బతికిపోయేవాడు, నేనూ బతికిపోయేదాన్ని.

ఎముక అతికింది గానీ పిడికిలి మళ్లీ బిగియలేదు. దానయ్య వల చూరులో వేలాడుతోంది.

నాలో బాగున్న ముక్క ఇప్పుడు దానయ్య పెరట్లో బట్టల తాడు. ఎల్లాజి చేపలు ఇవ్వడానికి వచ్చినప్పుడల్లా, ఆరేసిన బట్టలు పక్కకు జరిపి మరీ, ఈ కొస నుంచి ఆ కొసదాకా నన్ను తడుముతాడు. అరుగు మీద ఎడమచేత్తో అన్నం కలుపుకుంటూ దానయ్య చూస్తుంటాడు.

“బట్టలకేగా బావా, ఒగ్గేయ్.”

ఎల్లాజి తలెత్తడు. నా రెండో ముడి దాకా చూసిగానీ చెయ్యి తియ్యడు.