పాట అయ్యేదాకా చిరుతలు

రెండు వేల ఇరవై అయిదు నవంబరు పద్నాలుగు, శుక్రవారం సాయంత్రం. దోహాలోని అల్ సద్‌లో ఒక పునరావాస కేంద్రం, అందులో ఆటల గది. అక్కడ ఉన్నవారు నలుగురు: చికిత్సకురాలు మాలతి, ఆమె దగ్గర శిక్షణ పొందుతున్న విద్యార్థిని కహకషాన్, పక్షవాతంతో కుడిచేయి పట్టు తప్పిన నిర్మాణ కార్మికుడు పోశన్న, మెసయీద్‌లోని కార్మికుల క్యాంపు నుంచి అతణ్ణి చూడవచ్చిన బావమరిది భూమేష్.

కహకషాన్ విశ్వవిద్యాలయంలో చదువుతున్నది రిక్రియేషనల్ థెరపీ. రోగి మనసుపడ్డ ఆటనో, పాటనో, తోటపనినో మందుగా మలిచి, దెబ్బతిన్న అవయవాన్నీ సడలిన ఉత్సాహాన్నీ తిరిగి నిలబెట్టే విద్య అది. ఇది చదివితే ఆసుపత్రుల్లో, వృద్ధుల సంరక్షణ గృహాల్లో, ప్రత్యేక అవసరాలున్న పిల్లల బడుల్లో ఉద్యోగాలున్నాయని ఆమె ఇంట్లో ఎన్నిమార్లు చెప్పినా తండ్రి ఫరీదుద్దీన్‌ది ఒకటే మాట: "ఆడించనీకి కూడ డిగ్రీనా బేటీ?"

పోశన్న ఆమెకు అప్పగించిన తొలి రోగి. క్యారంబోర్డు ముందు కూర్చోబెడితే కుడిచేయి ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చుంటాడు. కాయను మాత్రం ముట్టడు. రంగులిస్తే రంగులకేసి చూస్తాడు. ఖాళీ వేళల్లో ఏం చేసేవాడివని మొదటిరోజు అడిగితే, "ఖాళీ యాడిది బిడ్డా? డ్యూటీ, బువ్వ, నిద్ర" అన్నాడు. ఆసక్తులేవీ లేవని ఆమె రాసుకుంది.

రోగి తన లక్ష్యాన్ని తానే చెప్పి సంతకం చేయాలన్నది ఆ కేంద్రంలో నియమం. ఆదివారం సమావేశం నాటికి సంతకం లేకపోతే పోశన్న దినచర్య నుంచి ఈ గంటసేపు చికిత్సను ఎత్తివేస్తారు. ఆ చేతికి మిగిలిన కొద్ది ఆశలో కొంత అంతటితో పోయినట్టే.

"ఇంకొక్కసారి అడిగి చూడమ్మా" అంది మాలతి, గొంతు తగ్గించి.

కహకషాన్ లక్ష్యం రాసే కాగితాన్ని పోశన్న ముందుకు జరిపింది. "కాకా, సంతకం పెడతవా?"

"మాఫీ" అని, లేదనడానికి గల్ఫులో అలవాటైన అరబ్బీ మాటతో, పోశన్న తల తిప్పుకున్నాడు.

భూమేష్ కిసుక్కున నవ్వాడు. "మేడం, మా బావ ఎందుకు ఆడుతలేడో మీకెర్క లేదా? ఆడిండనుకో, చెయ్యి మంచిగైందని రాసి రేపే డ్యూటీకి తోలుతరట. ఆడరాకపోతే పనికిరాడని ఇంటికి తోలుతరట. అందుకే బొమ్మలెక్క కూసుంటున్నడు!"

"నువ్వు నోరు మూస్తవా?" అని కసిరాడు పోశన్న.

"నేను నోరు మూస్త, నువ్వు చెయ్యి తెరువు."

కహకషాన్ నిర్ఘాంతపోయింది. తాను చికిత్స అనుకున్నదాన్ని ఆయన ఇన్నాళ్ళూ పరీక్ష అనుకున్నాడు! ఆమె మాలతికేసి చూసింది.

"ఈ కాగితం మా ఫైల్లోనే ఉంటుందండీ. మీరు ఒప్పుకోకుండా కంపెనీకి వెళ్ళదు" అంది మాలతి.

"డ్యూటీ సంగతి డాక్టర్ చెప్తడు కాకా, నేను గాదు" అంది కహకషాన్. "నా మాట మా ఇంట్లనే ఎవ్వరు వినరు. నీ కంపెనీ వింటదా?"

పోశన్న మీసం కింద నవ్వు కదిలి ఆగింది.

"ఖాళీ లేదన్నడా మీతోని?" భూమేష్ మళ్ళీ అందుకున్నాడు. "మరి శుక్కురారం వస్తే సాలు, చిరుతల భజన అనుకుంట మమ్ముల మిద్దె మీదికి గుంజుకపోయేది ఎవ్వలు?"

"అది భజనరా!" పోశన్న గొంతు ఆ గదిలో మొదటిసారి పైకి లేచింది. "దేవుని పని. ఖాళీగున్నోడు ఆడే ఆటనా అది?"

తప్పెక్కడ జరిగిందో కహకషాన్‌కు తెలిసింది. తాను అడిగింది కాలక్షేపం గురించి. భజనను ఆయన అందులో ఎందుకు కలుపుతాడు?

భూమేష్ సంచిలోంచి చిరుతలు, భజనలో చేత్తో తాళం మోగించే చెక్కలు, తీశాడు. సైటులో మిగిలిన షట్టరింగు చెక్కను చెక్కి, గలగలమనడానికి కూల్‌డ్రింకు మూతలు బిగించి పోశన్న స్వయంగా చేసుకున్న జత అది. "దిక్కులేనట్టు మంచం కింద పడున్నయని తెచ్చిన."

పోశన్న వాటిని ఎడమచేత్తో అందుకుని కుడి అరచేతిలో ఇరికించుకున్నాడు. జారిపడ్డాయి. కహకషాన్ వంగబోయి, నిగ్రహించుకుంది. ఆయనే వంగి తీసుకున్నాడు. పెదవుల కింద ఏదో చరణం మొదలుపెట్టాడు. చెక్కలు ఒక్కసారి గల్లుమని, మళ్ళీ నేలమీద పడ్డాయి.

"పాట అయ్యేదాకా పట్టుకోవాలె" అన్నాడు వాటిని మళ్ళీ ఏరుకుంటూ. "గదే రాయి."

ఆమె ఇంగ్లీషులో రాయబోయింది.

"తెలుగుల రాయి బిడ్డా. నాకు సదువరాని కాయితం మీద సంతకం పెట్ట."

తల్లి రషీదా నేర్పిన తెలుగు కహకషాన్ నాలుక మీదే ఉంది, వేళ్ళకు రాలేదు. సిగ్గుపడుతూ కలం భూమేష్‌కు ఇచ్చింది. అతను పోశన్న చెప్పినట్టే రాశాడు: "భజన పాట అయ్యేదాకా కుడిచేత చిరుతలు పడకుండ పట్టుకోవాలె."

"కింద ఇంకోటి రాయి. ఆట గాదు అని."

"ఇదొకటా బావా!"

"రాయనివ్వండి. ఆయన మాటలే ఉండాలి" అంది మాలతి.

పోశన్న రెండుసార్లు చదువుకుని, ఎడమచేత్తో వంకరగా సంతకం చేశాడు. "ఇది ఎడమ చేతిది. పాట అయిననాడు కుడిచేత పెడత." ఆయన పేరు కింద కహకషాన్ తన పేరు రాసి, అసలును ఫైల్లో పెట్టి, నకలు ఆయనకిచ్చింది. పోశన్న దాన్ని తొడమీద ఆనించి నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నాడు.