పనస పీటా, నా కడుపుమంటా

నేను ఒక పనిబల్లను. కడియం దగ్గర ఒక నర్సరీలో, పాలీహౌస్ ప్లాస్టిక్ కప్పు కింద నా కాపురం. కుండీల్లో మట్టి నింపడం, మొక్కలు మార్చడం నా మీదే జరగాలి. కొయ్యకు ఓర్పు ఎక్కువంటారు. నాకు మాత్రం కుళ్ళు ఎక్కువ. చేసిన పాపం చెబితే పోతుందంటారు కాబట్టి చెబుతున్నాను.

నన్ను కట్టింది ఆ నర్సరీ యజమాని తాతబ్బాయి. ఆయన భార్య నూకరత్నం ఇరవై ఏళ్ళుగా నేల మీద పనస పీట వేసుకుని, దాని మీదే కూర్చుని మొక్కలు నాటేది. ఇంకా అలాగే కూర్చుంటే మోకాళ్ళు పోతాయి, పని మానుకోవలసిందేనన్నాడు డాక్టరు. మొక్క ముట్టుకోకపోతే ఆవిడకు పొద్దు గడవదు. అందుకని తాతబ్బాయి పాత పశువుల పాకలోని వేప వాసాలు కోసి నాకు కాళ్ళు పెట్టాడు. నీళ్ళు కారిపోయేలా సందులు వదిలి చెక్కలు బిగించాడు. మట్టి జారిపోకుండా మూడు వైపులా అంచు కట్టాడు. ఇక నూకరత్నం నాదేననుకున్నాను.

కానీ ఆయనకు టేపు పట్టే అలవాటు లేదు. గొయ్యి తీసినా, పందిరి వేసినా తన ఒంటితోనే కొలత. నన్నూ తన నడుముకే ఆనించి చూసుకున్నాడు. ఆయన తాటిచెట్టంత మనిషి. ఆవిడ ఆయన భుజం దాకా కూడా రాదు.

"ఇది ఎవరి నడుముకి కట్టారండీ? మీకా, నాకా?" అందావిడ.

"కొలతలో తప్పేం లేదే. నువ్వే పొట్టిదానివి," అన్నాడాయన.

ఆవిడ నవ్వి, ఆ పనస పీటనే తెచ్చి నా ముందు వేసుకుని ఎక్కింది. నా గుండె భగ్గుమంది. నన్ను అందుకోవాలన్నా ఆ ముసలి పీటే దిక్కా? నా మీద పడేది మట్టీ పేడా. ఆవిడ పాదాలు మాత్రం దాని మీద. అది విరిగిపోతే బాగుండునని రోజూ కోరుకున్నాను.

నా నోటి చలవో ఏమో, శ్రావణంలో తడి నేల మీద నాని దాని పొట్టి కాళ్ళు పుచ్చిపోయాయి. ఒకరోజు గులాబీ మొక్క నాటుతుండగా పీట ఒరిగింది. నూకరత్నం కింద పడింది, మణికట్టు బెణికింది. ముందు సంతోషించాను. అబద్ధమాడను.

తరువాత పది రోజులు ఆవిడ రాలేదు. తాతబ్బాయి ఒక్కడే వచ్చి మొక్కల్ని మెడలోతు పాతేసేవాడు. సగం కుళ్ళిపోయాయి. వాటిని చూస్తుంటే సిగ్గేసింది.

పదకొండో రోజు ఆయన భార్యను తెచ్చి నా పక్కన నిలబెట్టాడు. ఆవిడ నడుము ఎత్తుకు సరిపోయేలా నా కాళ్ళ మీద సుద్దతో గీత గీసి రంపం తీశాడు.

"తప్పు నీ ఎత్తులో లేదే, నా కొలతలోనే ఉంది," అన్నాడు తల వంచుకుని.

నాలుగు కాళ్ళూ తలా జానెడు తెగాయి. నొప్పి తెలియలేదు. ఇప్పుడు ఆవిడ నేల మీదే నిలబడి నా మీద పని చేస్తుంది. గెలిచాననే అనుకున్నాను.

కానీ తెగిన ముక్కలు నాలుగూ ఆయన పారెయ్యలేదు. ఆ పనస పీటకు కొత్త కాళ్ళుగా మేకులతో దిగ్గొట్టాడు. మధ్యాహ్నం పని ఆపి నూకరత్నం దాని మీద కూర్చుని క్యారేజీ విప్పుతుంది.

"ఈ పీట ఎంత సుఖంగా ఉందండీ, మోకాలు నొప్పే తెలియట్లేదు," అంటుంది.

కింద మోస్తున్న కాళ్ళు నావని ఆవిడకు ఎవరైనా చెప్పండి. మీకు పుణ్యముంటుంది.