పిండి పొంగేదాకే విన్న కథ

మా అక్కకు బైబిలు సగమే వచ్చు. ఎగతాళి కాదు, నిజం. మా బేకరీ వెనక గదిలో బుధవారం మధ్యాహ్నాలు వాక్యం చదువుకుంటాం: అక్క, నేను, పక్క కొట్టు టైలరు బాబాయి, మాకు చదివి వినిపించే రిటైరైన నర్సమ్మగారు. సాయంత్రం రొట్టెలకు పిండి కలిపి మూత పెట్టాక దొరికే తీరిక అది. పిండి పొంగగానే అక్క లేచి ఓవెన్ దగ్గరికి పరుగెడుతుంది. తిరిగొచ్చేసరికి మేం ఆమెన్ అనేసి కుర్చీలు సర్దుతుంటాం. సొంతంగా చదువుకుందామంటే కూడబలుక్కుని చదివే మనిషి. పోనీ మిగతాది నేను చెబుతానంటే వింటుందా? "నువ్వు చెబితే కథకి కాళ్లూ చేతులూ వస్తాయి" అంటుంది మహాతల్లి.

ఆ మధ్య, కోడి కూసేలోగా, యేసు ఎవరో తెలియదని ఆయన శిష్యుడు పేతురు ముమ్మారు బొంకిన అధ్యాయం చదివాం. అక్కడ కోడి కూసింది, ఇక్కడ పిండి పొంగింది, అక్క లేచిపోయింది. ఆ రోజు నుంచి తన మనసు మనసులో లేదు.

ఎందుకో నాకు తెలుసు. పెళ్లి కాకముందు అక్క ఓ పెద్ద హోటల్లో కేకుల కౌంటర్లో చేరింది. తను మర్చిపోయిన టిఫిన్ డబ్బా పట్టుకుని అమ్మ అక్కడికి వెళ్లింది, ఊడ్చే పని మధ్యలోంచి, ఆ బట్టలతోనే. "ఎవరావిడ?" అని మేనేజరు అడిగితే, "నాకు తెలీదండీ" అంది అక్క. అమ్మ విన్నది. డబ్బా బల్ల మీద పెట్టి వచ్చేసింది. ఆ నెలలోనే గుండెపోటుతో పోయింది. అప్పటినుంచి ఆదివారం చర్చిలో, యేసుని తలుచుకుంటూ అందరూ తినే ప్రభువు బల్ల రొట్టె పళ్లెం వస్తే అక్క ముట్టదు, పక్కవాళ్లకు అందించేస్తుంది. ఆ రొట్టె చేసేది తనే! చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోయేది.

ఓ బుధవారం అక్క వస్తూనే, "వచ్చే వారం నుంచి నేను రానండీ" అంది నర్సమ్మగారితో. "పేతురుతో తేలిపోయింది. సొంతవాళ్లని ఎరగనన్న మనిషి ప్రభువుకి అక్కర్లేదు. నేను కూర్చుంటే కుర్చీ దండగ."

"కథ సాంతం వినకుండా తీర్పేంటక్కా?" అని గయ్యిమన్నాను.

"ఇవాళ్టికి కూర్చోమ్మా" అన్నారు నర్సమ్మగారు.

దేవుడి దయ, ఆ రోజే ఓవెన్ చెడింది. మెకానిక్ బర్నరు విప్పుతూ "ఇప్పట్లో తెమలదమ్మా" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక రిపేరుకి స్తోత్రం చెప్పడం నాకదే మొదలు.

నర్సమ్మగారు సువార్త చివరి అధ్యాయం తెరిచారు. యేసు చనిపోయి తిరిగి లేచాక జరిగిన సంగతి. శిష్యులు రాత్రంతా వలవేసి ఉత్త చేతులతో ఉన్నారు. తెల్లారేసరికి ఒడ్డున ఎవరో నిలబడి ఉన్నారు. ఆయన ప్రభువేనని తెలియగానే పేతురు పైబట్ట చుట్టుకుని నీళ్లలోకి దూకేశాడు.

"ఉండండుండండి!" అక్క చెయ్యెత్తింది. "ఏ పేతురు? మన పేతురేనా? ఎరగనన్నాడే, ఆయనేనా?"

"ఆయనేనమ్మా."

"మొహం ఎలా చెల్లిందండీ?"

"చదవనిస్తే కదా తెలిసేది!" అన్నాడు టైలరు బాబాయి.

ఒడ్డున నిప్పులున్నాయి, వాటి మీద చేప, పక్కన రొట్టె. వచ్చి తినమన్నాడు యేసు.

అక్క కుర్చీలోంచి లేచింది. "నిప్పులెవరు చేశారు?"

"ఆయనే."

"ముట్టించగానే నిప్పులైపోవండీ! మంట లేవాలి, అది తగ్గాలి, అప్పుడు కదా నిప్పులు. అంటే వీళ్లు రాకముందే వచ్చి రాజేశాడన్నమాట! పేతురు తప్పయిందని అనకముందే!"

ఎన్నిసార్లు చదివానో, ఒక్కసారైనా తట్టిందా ఈ మట్టిబుర్రకి! నర్సమ్మగారు ఆగలేదు. నన్ను ప్రేమిస్తున్నావా అని యేసు అడిగాడు, ఎన్నిసార్లు పేతురు ఎరగనన్నాడో అన్నిసార్లూ. అడిగిన ప్రతిసారీ తన గొర్రెల్ని, అంటే తనని నమ్మినవాళ్లని, అతనికే అప్పజెప్పాడు.

"మళ్లీ చదవండి!" అంది అక్క. చదివారు. "ఇంకోసారి!"

మెకానిక్ గుమ్మంలోంచి తొంగి చూశాడు. "ఓవెన్ వెలిగిందమ్మా. మీ పిండి గిన్నె దాటి బల్లెక్కేసింది."

"ఎక్కనీ నాయనా! నువ్వూ వచ్చి కూర్చో, విను!"

పిండంటే ప్రాణం పెట్టే మనిషి ఆ మాట అనేసరికి నేను నోరు వెళ్లబెట్టాను. అక్క నా చెయ్యి పట్టుకుంది.

"ఒసేయ్, ఆ సాయంత్రం హోటల్నుంచి నేను ఇంటికొస్తే అమ్మ ఏం చేసిందో గుర్తుందా?"

గుర్తుంది. పొగలు కక్కుతున్న పళ్లెం తెచ్చి ముందు పెట్టింది.

"'పొద్దున తిన్నావో లేదో, ముందు తిను' అంది. ఒక్క మాట అనలేదే! నేను సిగ్గుతో చచ్చి, తినకుండా లేచిపోయాను. కోపం దిగమింగుకుని పెట్టిందనుకున్నాను ఇన్నాళ్లూ. కాదే! నేనొచ్చేలోపే పొయ్యి వెలిగించింది. క్షమించేశాకే వండింది!"

భోరున ఏడుస్తోంది, నవ్వుతోంది. నేనూ ఏడ్చాను, దాపరికమెందుకు. నర్సమ్మగారు కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నారు.

"కన్నతల్లే అంత చేస్తే, ఆయన నన్ను వదిలేస్తాడా? ప్రేమిస్తున్నాడే! నన్నే!" అంది అక్క, గది దద్దరిల్లేలా. "అమ్మ పెట్టింది తినకుండా లేచాను. ఈ ఆదివారం ఆ పళ్లెం నా ముందుకు రానీ. తింటాను."