నాలుగు గంటల బస్సు

ఏడో ఫ్లాస్కు మూత బిగించి, చేతులు ఏప్రన్‌కి తుడుచుకుని, ఎఫీ తలుపు పక్కనున్న బోర్డు దగ్గరికి వెళ్ళింది. కొండెక్కేవాళ్ళు తమ పేరు, వెళ్ళే దారి, తిరిగొచ్చే వేళ ఒక చీటీ మీద రాసి దానికి గుచ్చి పోవాలి. దిగొచ్చాక ఎవరి చీటీ వాళ్ళే పీకేయాలి. ఆ రోజు ఏడుగురు. అందరూ మూడింటిలోపే వస్తామని రాశారు. అమ్మయ్య అనుకుంది ఎఫీ. ఆమె ఎక్కాల్సిన బస్సు నాలుగింటికి. రోజుకి ఉన్నదే ఆ ఒక్క బస్సు.

పొట్టి మనిషి. బొగ్గు బకెట్లు మోసీ మోసీ ఎడమ భుజం కాస్త కిందికి జారింది. మోచేతుల దాకా పొయ్యి కాల్చిన మచ్చలు. ఆ కొండ కింది బసలో ముప్పై ఒక్క ఏళ్ళుగా వంట చేస్తోంది. ఊళ్ళోవాళ్ళు ముసలమ్మ అని పిలిచే ఆ కొండ గురించి ఆమెకి తెలియంది లేదు. జింకలు దిగి రాకుండా కట్టిన కంచె దాటితే బురద, తర్వాత రాతిమెట్లు, తర్వాత చేతులు వాడక తప్పని నల్లబండ, దాని పైన పొగమంచులో ఎడమకి తిరగకూడని చోటు. అన్నీ కంఠతా వచ్చు. అయితే అదంతా దిగొచ్చినవాళ్ళు బూట్లు విప్పుకుంటూ చెప్పగా విన్నదే. తను మాత్రం కంచె దాటింది లేదు.

దానికి కారణం పనిలో చేరిన రెండో ఏట జరిగిన సంగతి. కాలేజీ కుర్రాడొకడు ఐదింటికొస్తానని రాసి వెళ్ళాడు. బోర్డు నేను చూస్తాలెమ్మని అందరికీ చెప్పి, పక్కూళ్ళో డాన్సుకి వెళ్ళిపోయింది ఎఫీ. చీటీ సంగతి తెల్లారాక గాని గుర్తు రాలేదు. నల్లబండ కింద కాలు విరిగి పడి ఉన్నాడు. తెల్లవారుజామున పోయి ఉంటాడన్నాడు డాక్టరు. ఎవరూ ఆమెని పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. అప్పట్నుంచి బోర్డు మీద ఒక్క చీటీ మిగిలినా ఎఫీ ఊరు దాటదు. చుట్టాలవి ఎన్ని పెళ్ళిళ్ళు తప్పిపోయాయో. నాతో వచ్చి ఉండవే అని అక్క బారబెల్ చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. వచ్చే ఏడు చూద్దామనేది ఎఫీ.

ఇప్పుడు బారబెల్ ఇన్వర్నెస్ పట్నంలో ఆస్పత్రి మంచం మీద ఉంది. ఇంకో రోజుకి మించి ఉండదని నిన్న నర్సు ఫోన్ చేసింది. తర్వాత ఫోన్ బారబెల్‌కిచ్చింది.

"బ్లాక్‌బెర్రీ జామ్ తీసుకురావే," అంది బారబెల్, పీలగొంతుతో. "నిన్ను నమ్ముకుంటే అంతే సంగతులు. నువ్వు రాకపోతే మానె, జామైనా పంపు."

ఈసారి వెళ్ళి తీరాలనుకుంది ఎఫీ. మధ్యాహ్నం జామ్ సీసా, మార్చుకునే బట్టలు పాత ఆకుపచ్చ సంచిలో సర్దింది. తెగిన పిడిని బూటు తాడుతో కుట్టింది. ఆస్పత్రి అడ్రసు రాసిన అట్టముక్క కట్టి, తీసుకెళ్ళి బస్‌స్టాప్ బెంచీ మీద పెట్టొచ్చింది. ఆ లోయలో అందరూ చేసేదే అది. బెంచీ మీద సంచి కనబడితే డ్రైవర్ ఫర్కర్ హారన్ కొట్టి కాసేపు ఆగుతాడు. మనిషి రాకపోతే సంచినొక్కదాన్నే ఎక్కించుకుని, అట్టమీది చోట దింపేస్తాడు.

మూడయ్యేసరికి ఆరు చీటీలు పోయాయి. ఏడోది గిల్‌క్రిస్ట్ అనే రిటైరయిన మాస్టారిది. మూడుంబావయినా అలాగే ఉంది. ఎఫీ కాలుగాలిన పిల్లిలా వంటింటికీ బోర్డుకీ తిరిగింది. బస చూసుకునే స్ట్రూఅన్ ఆ అవస్థ చూడలేకపోయాడు.

"మీరు బయల్దేరండి ఎఫీ. బోర్డు నేను చూస్తాగా."

మంచివాడే, మాట మీద నిలబడేవాడే. కానీ ఒకప్పుడు తనూ సరిగ్గా ఆ మాటే అంది. ఎఫీ ఏప్రన్ విప్పి, రబ్బరు బూట్లు తొడుక్కుని, కొండవైపు నడిచింది. మాస్టారు దిగుతూ కంటబడితే చాలు, పరిగెత్తుకొచ్చి బస్సెక్కేయొచ్చు.

కంచె దాటింది. బురద మోకాళ్ళ దాకా చిమ్మింది. రాతిమెట్లు ఆయాసపడుతూ ఎక్కింది. నల్లబండ మీద చేతులు ఆనించింది. చల్లగా, తడిగా ఉంది. పట్టులన్నీ వాళ్ళు చెప్పినచోటే ఉన్నాయి. ముప్పై ఏళ్ళు భయపడింది ఈ రాయికా అనుకుంటూ ఎక్కేసింది. పైనుంచి చూస్తే శిఖరం దాకా దారంతా తెరిపిగా ఉంది. దారిలో ఎవరూ లేరు.

కింద హారన్ మోగింది. కాసేపాగి మళ్ళీ మోగింది. "ఆగు ఫర్కర్," అంది ఎఫీ, తనకే వినబడేంత మెల్లగా. బస్సు సరస్సు వెంట మలుపు తిరిగి వెళ్ళిపోయింది. ఆమెకి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. మాస్టారి మీద, చచ్చిపోయిన కుర్రాడి మీద, పోవడానికి ఈ రోజే దొరికిందా అని అక్క మీద కూడా.

ఐదింటికి దిగొచ్చేసరికి స్ట్రూఅన్ కంచె దగ్గరే తల దించుకుని నిలబడి ఉన్నాడు. మాస్టారు ఫోన్ చేశాడట. అవతలివైపు దారి బాగుందనిపించి అటే దిగాడట. అక్కడి సత్రంలో వేయించిన చేప తింటూ బూట్లు విప్పుకుంటుంటే చీటీ గుర్తొచ్చిందట. మరీమరీ క్షమించమన్నాడట.

బసలో ఉన్న ఒకావిడ, స్నానం చేసొచ్చి తన కారులో ఇన్వర్నెస్ దింపుతానంది. ఎఫీ ఆరున్నరకి కోటు వేసుకుంటుండగా ఫోన్ మోగింది. నర్సు.

"ఇందాకే పోయారమ్మా. బాధ పడలేదు. మీ సంచి డ్రైవర్ వార్డుదాకా తెచ్చిస్తే కుర్చీలో పెట్టాను. ఆవిడ కళ్ళు తెరిచి దాన్ని చూసి, 'ఎట్టకేలకి కొండ వదిలి వచ్చిందన్నమాట' అన్నారు. మీరు వరండాలో ఉన్నారనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. ఇంతసేపూ ఎక్కడున్నారు మీరు?"

"కొండ మీద," అంది ఎఫీ. ఫోన్ పెట్టేసి, వెళ్ళి మాస్టారి చీటీ పీకేసింది.

ఇన్వర్నెస్‌లో దుప్పటి మార్చిన మంచం పక్కన, వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీలో, బూటు తాడుతో కుట్టిన పిడి ఒక పక్కకి వాలిపోయి, ఆకుపచ్చ సంచి ఉంది.