వీధికుక్క అన్నాడు

పొద్దున్నే తలుపు తీసేసరికి గడప ముందు మళ్ళీ అదే. పక్కింటి కుక్క చేసిన పని. ఆమె ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని రేకుతో ఎత్తిపోసి, ఫినాయిలు వేసి, చీపురు పట్టుకుంది. ఆనక ఆ చేతులే రుద్దిరుద్ది కడుక్కుని వంట చెయ్యాలి, క్యారేజీలు కట్టాలి, తను పాఠాలు చెప్పే బడికి పరిగెత్తాలి. పక్కింటాయన భర్తకి పై అధికారి. అందుకే ఆ కుక్క ఎక్కడ కాలెత్తినా ఈ ఇంట్లో ఎవరూ నోరెత్తరు. "ఒక్కసారి చెప్పి చూడండి" అని బతిమాలితే, "నా ప్రమోషన్ ఆయన చేతిలో ఉంది. కాసిని నీళ్ళు పోస్తే అరిగిపోతావా?" అన్నాడు భర్త. "మేం పేడ ఎత్తలేదూ?" అని దీర్ఘం తీసింది అత్తగారు. కడిగేది తనే కాబట్టి కంపు కూడా తనొక్కదానికే కొట్టాలి కాబోలు.

చీపురు చప్పుడుకి కుక్క గోడ దూకి వచ్చి ఆమె పిక్క పట్టుకుంది. అత్తగారు కేకలేస్తూ కర్రతో బాదితే గానీ వదల్లేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ గాయం కడిగిస్తూ అడిగింది. "పెంపుడు కుక్కేనా? కట్టేసి కొన్నాళ్ళు చూసే వీలుందా?"

ఆమె నోరు తెరిచేలోపే, "వీధికుక్కండీ. ఎటు పోయిందో ఏమో" అన్నాడు భర్త.

ఆమె అతని మొహంలోకి చూసింది. అతను కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆ కుక్కకి పిచ్చి ఉందో లేదో తెలుసుకునే దారి కూడా మూసేశాడు. ఇన్నేళ్ళుగా తన అలసటని, నిద్రని, జీతాన్ని అడక్కుండానే ఖర్చు పెట్టాడు, సర్దుకుంది. ఇవాళ ప్రాణం కూడా ఆ పద్దులోకే చేర్చేశాడన్నమాట, ఇంత తేలిగ్గా.

నర్సు గాయం చుట్టూ సూది గుచ్చుతుంటే ఆమె మంచం పట్టె గట్టిగా పట్టుకుంది. అప్పుడే భర్త ఫోను మోగింది. అతను గబుక్కున లేచి నిలబడ్డాడు.

"అబ్బే, ఏం లేదు సార్, చిన్న గీత. మా అమ్మ కంగారులో కర్రెత్తింది, క్షమించండి. మన టైగర్‌కి దెబ్బ తగల్లేదు కదా సార్? పాపం, బెదిరిపోయుంటుంది."

సూది ఇంకా మాంసంలోనే ఉంది.

"డాక్టర్ గారూ," అందామె. "అది వీధికుక్క కాదు. మా పక్కింటిది. వాళ్ళ పేరూ అడ్రసూ చెప్తాను, రాసుకోండి. ఇక్కణ్ణించి నేను పోలీసు స్టేషనుకే వెళ్తాను."

భర్త ఫోను గుండెకి అదుముకుని, "నెమ్మదిగా! ఆయన లైన్లోనే ఉన్నారు" అని పళ్ళు కొరికాడు.

డాక్టరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మరి ఇందాక వీధికుక్క అన్నారే?"

"అన్నది ఆయన," అంది ఆమె, అవతల వినేవాళ్ళకి కూడా వినపడేలా. "కరిచింది నన్ను."